పెద్ద భూకంపం వస్తే పక్కనున్న అగ్నిపర్వతం బద్దలవుతుందా? నా అనుభవంలోంచి జవాబు

"పెద్ద భూకంపం వస్తే దగ్గరలోని అగ్నిపర్వతం బద్దలవుతుందా, దాన్ని ముందే కనిపెట్టవచ్చా" అని అడిగారు. ఉపగ్రహ రాడార్ చిత్రాలతో అగ్నిపర్వతాల కదలికలు కొలిచే పనిలో నేను కొన్నేళ్లు గడిపాను. నన్నడిగితే ఈ ప్రశ్నను తిరగేయాలి. భూకంపం కొండను ఏం చేస్తుందన్న దానికన్నా, కొండ భూకంపాన్ని ఎలా పుట్టిస్తుందన్నదే ఎక్కువ పట్టించుకోవలసిన సంగతి.

ఇది నా మనసుకు పట్టింది 2018 డిసెంబరులో, ఇటలీ దీవి సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతం వల్ల. ఆ నెల 24న శిఖరం దగ్గర నేల చీలి లావా బయటికి వచ్చింది. 26 తెల్లవారుజామున తూర్పు వాలు దిగువన, ఫియాండాకా అనే భ్రంశం (నేల పొరలు తెగి ఒకదాని పక్కన ఒకటి జరిగే పగులు) మీద 4.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. దానికి ముందొకసారి, తర్వాతొకసారి సెంటినెల్-1 ఉపగ్రహం తీసిన చిత్రాల జతను కంప్యూటర్‌లో కలిపి చూశాను. అలా కలిపితే రంగుల చారలు వస్తాయి. రంగుల వరస ఒక చుట్టు తిరిగిందంటే నేల ఉపగ్రహానికి 2.8 సెంటీమీటర్లు దగ్గరగానో దూరంగానో జరిగినట్టు లెక్క.

తెర మీద శిఖరానికి అటూ ఇటూ చారలు కిక్కిరిసి, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కనిపించాయి. శిలాద్రవం నిలువు పలకలా కొండలోకి చొరబడి పడమటి భాగాన్ని పడమటికి, తూర్పు భాగాన్ని తూర్పుకు తోసేసింది. అక్కడి నుంచి చిత్రాన్ని మెల్లగా దిగువకు జరుపుతూ వచ్చాను. అప్పటిదాకా నునుపుగా సాగిన చారలు ఒకచోట ఠక్కున తెగిపోయాయి. కాగితాన్ని కత్తెరతో కోసి, ఒక ముక్కను కాస్త పక్కకు జరిపి అతికించినట్టుంది. ఆ కోత వెంట వేలు పెట్టి తెర మీద నడిపాను. నిజమైన కొండ మీద అది కిలోమీటర్ల పొడవు. ఒక పక్క ఎరుపు ఉన్నచోట రెండో పక్క నీలం. ఇళ్లు కూలిన ఊళ్లు ఆ గీత మీదా, దాని పక్కనా ఉన్నాయి. 4.9కే అంత నష్టం ఎందుకంటే నేల తెగింది కిలోమీటరు లోతు కూడా లేనిచోట.

పైన శిలాద్రవం తోయడం, కింద నేల తెగడం, మధ్యలో రెండే రోజులు. ఈ రెండింటినీ కలిపేది కొండ వాలు. ఎట్నా తూర్పు వాలు ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున అయోనియన్ సముద్రం వైపు జారుతూనే ఉంది. అటువైపు దాన్ని ఆపే గోడ లేదు, అందుకే పైన తోస్తే కింద భ్రంశం దగ్గర తెగుతుంది. హవాయిలోని కిలవేయా అగ్నిపర్వతానిదీ ఇదే కథ. 2018 మే 3న దాని తూర్పు చీలికలో లావా పైకి వచ్చింది, మర్నాడే దక్షిణ వాలు కింద 6.9 తీవ్రతతో భూకంపం వచ్చింది.

ఇక మీరు అడిగిన దిశ. చిలీలో 1960 నాటి 9.5 భూకంపం తర్వాత 38 గంటలకు అక్కడి కోర్డోన్ కౌయే అగ్నిపర్వతం బద్దలైంది. 1707లో జపాన్‌లో భారీ భూకంపం వచ్చిన 49 రోజులకు ఫుజి పేలింది. కానీ 2011లో 9 తీవ్రతతో భూకంపం వచ్చినా అదే ఫుజి పేలలేదు. అక్కడి కొన్ని అగ్నిపర్వతాల చుట్టూ నేల కుంగింది, అంతే. లోపల శిలాద్రవం అప్పటికే ఒత్తిడితో నిండి ఉంటేనే ఆ కుదుపు పనిచేస్తుంది. అందుకే ఎక్కడ భూమి కంపించినా "అగ్నిపర్వతం మేల్కొంటుందా" అని రాసే వార్తలు చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ కొండ అంతకుముందు ఆరు నెలలు ఉబ్బిందా, కుంగిందా అన్న ఒక్క వాక్యం వాటిలో ఉండదు.

మరో బాధ కూడా చెప్పుకోవాలి. ఈ రంగుల చిత్రాలను తేదీలు, కొలత పట్టీ లేకుండా ఎక్కడపడితే అక్కడ అతికించేస్తున్నారు. ఎత్తైన కొండ చుట్టూ గాలిలోని తేమ మారినా అచ్చం ఇలాంటి వలయాలే వస్తాయి. మొదటి ఏడాది నేను రెండు వలయాలు చూసి కొండ ఉబ్బుతోందని నమ్మాను. వేరే తేదీల జత తీస్తే అవి లేవు. అప్పటి నుంచి ఒక్క జతను చూసి ఏ మాటా అనను.

అందరి చూపూ శిఖరం మీదే ఉంటుంది. ప్రాణాలు తీసేది చాలాసార్లు వాలు. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ ఉత్తర వాలు రోజుకు దాదాపు రెండు మీటర్లు బయటికి ఉబ్బింది. మే 18న 5.1 భూకంపంతో అది మొత్తంగా జారిపోయి, లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పక్కకు పేలింది. 57 మంది చనిపోయారు. 2018 డిసెంబరు 22న ఇండోనేసియాలో అనాక్ క్రకటావ్ వాలు సముద్రంలోకి కూలితే, ఆ సునామీ 400 మందికి పైగా బలి తీసుకుంది. అక్కడ ముందుగా హెచ్చరించే పెద్ద భూకంపం కూడా లేదు.

ముందే కనిపెట్టడం గురించి అడిగారు కదా. నేల మీద జీపీఎస్, పైన రాడార్ ఉన్నంత మేర చాలా చూడగలం. అయితే రాడార్ నీటిలోకి చూడలేదు. ఎట్నా తూర్పు వాలు సముద్రం కింద కూడా కొనసాగుతుంది. అక్కడ అడుగున శబ్ద తరంగాలతో దూరాలు కొలిచే పరికరాలు పెట్టారు. 2017 మేలో ఎనిమిది రోజుల్లో అక్కడి భ్రంశం నాలుగు సెంటీమీటర్లు జరిగింది, చెప్పుకోదగ్గ భూకంపమేదీ లేకుండానే. సముద్రం ఒడ్డున నిలబడ్డ ప్రతి అగ్నిపర్వతం కిందా ఇలాంటి పరికరాలు పెట్టాలి. నా చేతిలో డబ్బుంటే మొదట ఖర్చు పెట్టేది దాని మీదే.