జీతం అకౌంట్లో పడితే భద్రమే, కార్డు ఎవరి దగ్గరుందో చూసుకోండి

ప్రశ్న: మా నాన్న హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ కింద సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నారు. ఇన్నేళ్లూ జీతం చేతికే ఇచ్చారు. వచ్చే నెల నుంచి బ్యాంకులో వేస్తామంటున్నారు. ఆయనకు భయం, ఒప్పుకోవట్లేదు. జీతం నేరుగా అకౌంట్లో పడటం భద్రమేనా?

భద్రమే. నాన్నగారిని ఒప్పుకోమనండి. రెండు నెలల జీతం పోగొట్టుకుని, అందులో ఒక నెలది తిరిగి రాబట్టుకున్నవాడిని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 2011లో దుబాయి పోయాను. బిల్డింగులు కట్టే కంపెనీలో ఎలక్ట్రీషియన్ హెల్పర్ పని, నెలకు 900 దిర్హాములు. అక్కడే సోనాపూర్‌లో కూలీలు ఉండే క్యాంపు, గదికి పన్నెండు మందిమి. జీతాలు బ్యాంకు ద్వారానో ఎక్స్ఛేంజ్ (డబ్బు మార్చే, ఇళ్లకు పంపే దుకాణం) ద్వారానో ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం 2009లోనే పద్ధతి పెట్టింది. తర్వాత సౌదీలో, ఖతర్‌లో కూడా అదే వచ్చింది. మాకూ తలా ఒక ఏటీఎం కార్డు ఇచ్చారు. ఇచ్చిన వారానికే క్యాంపు చూసుకునే క్యాంప్ బాస్ వచ్చి, "జీతాల రోజు మిషన్ దగ్గర రెండు గంటలు లైన్ ఉంటది, కార్డులు నాకియ్యండి, నేనే తీసుకొచ్చి పంచుతా" అన్నాడు. పొద్దున నాలుగున్నరకు బస్సెక్కి రాత్రి ఏడింటికి దిగేవాళ్లం. ఆ అలసటలో ఆయన మాట మేలే అనిపించింది. కార్డు, దాని మీద చిట్టీ అంటించి పిన్ నంబర్, రెండూ ఇచ్చేశాం. నెలకు 20 దిర్హాములు పట్టుకుని మిగతాది ఇచ్చేవాడు. ఏడాదిన్నర అలాగే నడిచింది.

ఆ తర్వాత వరుసగా రెండు నెలలు జీతం రాలేదన్నాడు. "కంపెనీకి బిల్లు రాలే, ఓపిక పట్టండి" అన్నాడు. మేం పట్టాం. ఇంటి దగ్గర అప్పుకు మిత్తి కట్టాలి, చెల్లె పెళ్లి ముందుంది. ఫోన్ చేసి "ఈ నెల పంపలేను అమ్మా" అని చెప్పడానికి నోరు రాలేదు.

మా గదిలో నిర్మల్ వైపు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవాడు. పెద్ద చదువు లేదు. తండ్రికి బాగాలేక ఇంటికి పోవాల్సి వచ్చింది, టికెట్టుకు పైసల్లేవు. ఒక శుక్రవారం లేబర్ కార్డు పట్టుకుని నేరుగా ఎక్స్ఛేంజ్ కౌంటర్‌కు పోయి, తన పేరు మీద ఏమన్నా పడిందా అని అడిగాడు. వాళ్లు స్టేట్‌మెంట్ తీసి చేతిలో పెట్టారు. అది తెచ్చి నాకిచ్చి, "తమ్మీ, జర చదువు" అన్నాడు. రెండు నెలల జీతమూ సమయానికే పడింది. పడిన మర్నాడే మొత్తం తీసేసినట్టు ఉంది. ఒకటి మంగళవారం పొద్దున 10:40కి, రెండోది బుధవారం 11 దాటాక. నేను చదువుతుంటే గదిలో ఎవ్వరూ మాట్లాడలేదు. చివరకు ఆయనే అడిగాడు: "మంగళారం పదకొండు గొట్టంగ మనం ఏడున్నం?"

సైటులో ఉన్నాం. మేం పొద్దున వేలు పెట్టి పంచ్ కొట్టిన లెక్క కంపెనీ దగ్గరే ఉంది.

మర్నాడు పన్నెండు మందిమీ కంపెనీ ఆఫీసుకు పోయాం. వాళ్లు మొదట చెప్పిన మాట ఇప్పటికీ మరిచిపోలేదు. "మా లెక్కలో మీకు జీతం ఇచ్చేశాం, ప్రభుత్వానికి కూడా అదే పోయింది." నాన్నగారు భయపడాల్సింది ఏదైనా ఉంటే ఈ మాటకే. జీతం అకౌంట్లో పడిందా అని చూసే యంత్రాంగం ఉంది, ఆ పైసలు కూలివాడి చేతికి చేరాయా అని చూసేవాళ్లు లేరు. కానీ మా చేతిలో స్టేట్‌మెంట్ ఉంది, వాళ్ల దగ్గర మా హాజరు ఉంది. రెండూ పక్కపక్కన పెడితే ఇంకేం అడగాల్సిన పని లేకపోయింది. క్యాంప్ బాస్‌ను తీసేశారు, ఒక నెల జీతం కట్టించారు. రెండో నెలది పోయినట్టే. అదే కవర్లో పెట్టి చేతికిచ్చే జీతమైతే, ఏ తేదీన ఎవరు తీసుకున్నారని ఏ కాగితం చూపించేవాళ్లం?

2014లో తిరిగొచ్చి కోరుట్లలో షాపు పెట్టుకున్నాను. ఇక్కడా అదే కథ చూస్తున్నాను, క్యాంప్ బాస్ బదులు వేలిముద్ర మిషన్. ఉపాధి హామీ కూలి తీసుకోవడానికి మా అమ్మ వయసు ఆడవాళ్లు ఊళ్లో మినీ బ్యాంకుకు, అంటే బ్యాంకు తరఫున డబ్బిచ్చే చిన్న దుకాణానికి పోతారు. అక్కడ ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ కూడా అడగదు. "పడలేదమ్మా, మళ్లీ వేలు పెట్టు" అంటే మళ్లీ పెడతారు. రెండుసార్లు డబ్బు పోయినా వాళ్లకు తెలియదు, ఎందుకంటే మెసేజ్ ఇంగ్లీషులో వస్తుంది, అదీ కొడుకు ఫోన్‌కు. తెలుగు గడ్డ మీద తెలుగోళ్ల కూలికి తెలుగులో ఒక్క ముక్క రాసి పంపలేరా? పాస్‌బుక్ వేయించుకుందామంటే మిషన్ పాడైంది, సోమవారం రండి అంటారు. ఆ సోమవారం కూలి ఎవరిస్తారు? పైగా 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి ఆధార్ ఆధారంగానే పడుతోంది. ఆధార్‌ను చివరగా ఏ బ్యాంకుతో జోడిస్తే అందులోకి పోతుంది. పాత బ్యాంకుకు వెళ్లి కూలి రాలేదని ఏడ్చిన ఆమెను నేనే ఇంకో బ్యాంకుకు తీసుకుపోయి చూపించాను. ఎప్పుడో ఎవరో తెరిపించిన ఖాతాలో ఐదు నెలల కూలి ఉంది.

నాన్నగారి సంగతికి వస్తాను. ఇదివరకు జీతం బ్యాంకులో వేయాలంటే పనివాడి రాతపూర్వక ఒప్పుకోలు కావాల్సి వచ్చేది. 2017లో చట్టం మార్చి అది అక్కర్లేదన్నారు. కాబట్టి ఏజెన్సీ చేస్తున్నది తప్పు కాదు. బ్యాంకే మునిగితే అని భయమైతే, 5 లక్షల వరకు డిపాజిట్‌కు బీమా ఉంది. ఆయన తప్పేమీ లేకుండా బయటివాళ్లు ఖాతాలోంచి డబ్బు లాగితే, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం ఆయన మీద పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో చెప్పింది. ఆన్‌లైన్ మోసమైతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. కానీ పిన్ తానే చెప్పి ఇస్తే, బ్యాంకుకు ఫిర్యాదు అందేదాకా పోయినదంతా ఆయన నెత్తి మీదే. మా పన్నెండు మందికీ జరిగింది అదే.

అందుకని మొదటి జీతం రోజు మీరు వెంట వెళ్లండి. ఏటీఎంలో పిన్ ఆయన చేతులతోనే మార్పించండి. ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబర్ ఆయనదేనా, సూపర్‌వైజర్‌దా అడగండి, చాలా ఏజెన్సీల్లో సూపర్‌వైజర్లే తమ నంబర్ రాసేస్తారు. ఆధార్ వేలిముద్రకు తాళం వేసే వీలు ఆధార్ వాళ్ల యాప్‌లో ఉంది, అది వేయండి. కార్డు మేమే పెట్టుకుంటాం అని ఏజెన్సీ అంటే మాత్రం, ఆ రోజే వేరే పని వెతుక్కోమని చెప్పండి.