అనువాదకుల కంటే ముందు రివ్యూయర్లను వెతుక్కో

తమ్ముడికి ఆశీస్సులు.

లినక్స్ కంప్యూటర్లలో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి అనువదించే జట్టుకు కోఆర్డినేటర్ బాధ్యత నీ మీద పడిందనీ, ముందుగా ఏదైనా ఇంజినీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ పెట్టి యాభై మందిని చేర్చాలని ఉందనీ రాశావు. కాస్త ఆగు. ముందు రివ్యూ చేసే, అంటే ఇతరుల అనువాదం సరిచూసే, మనుషులు ఇద్దరిని వెతుక్కో. మిగతాది ఆ తరవాతే.

లెక్క వేసి చూడు. యాభై మంది పిల్లలు ఒక పూట కూర్చుని తలా నలభై స్ట్రింగులు (తెరమీద కనిపించే మాటలు, వాక్యాలు) అనువదిస్తే రెండు వేలవుతాయి. శ్రద్ధగా చూసేవాళ్లు గంటకు అరవైకి మించి రివ్యూ చేయలేరు. అంటే ముప్ఫైమూడు గంటల పని. ఉద్యోగం చేసుకుంటూ వారానికి మూడు గంటలు ఇవ్వగలిగే మనిషి ఒక్కడే ఉంటే, చివరి పిల్లాడి పని చూసేసరికి పదకొండు వారాలు దాటుతాయి. తను చేసింది నాలుగైదు రోజుల్లో ఎవరూ చూడకపోతే ఆ పిల్లాడు మళ్లీ అనువాదాల సైటు తెరవడు. అప్పుడు మనం ‘ఈకాలం పిల్లలకు ఆసక్తి లేదు’ అని తీర్పు చెప్పేస్తాం. కొత్తవాళ్ల తొలి పనికి మూడు రోజుల్లో జవాబు వెళ్లాలి. ఆ మాట నిలబెట్టుకోగలిగినంత మందినే చేర్చుకో. ఒక రివ్యూయర్‌కు ముగ్గురు కొత్తవాళ్లు చాలు.

ఇక పని పంచడం. గ్నోమ్ అనువాదాలు నడిచే డ్యామ్డ్ లైస్ సైటులో ఒక మాడ్యూల్‌ను (ఒక యాప్ లేదా భాగాన్ని) ఒకరు రిజర్వ్ చేసుకుంటారు, అనువదించి పీవో ఫైలు (ఇంగ్లీషు స్ట్రింగులు, వాటి అనువాదాలు ఉండే ఫైలు) ఎక్కిస్తారు, మరొకరు ప్రూఫ్‌రీడింగ్ చేస్తారు, కమిట్ హక్కున్నవాళ్లు దాన్ని గ్నోమ్ అసలు కోడ్‌లోకి చేరుస్తారు. ఫైలు మొత్తంగా ఎక్కుతుంది కాబట్టి ఒకే మాడ్యూల్ మీద ఇద్దరు విడివిడిగా పనిచేస్తే రెండోవారి ఫైలు మొదటివారి పనిని మింగేస్తుంది. అందుకే స్ట్రింగుల లెక్కన కాక మాడ్యూళ్ల లెక్కన పంచు. ఫైర్‌ఫాక్స్ వాళ్ల పాంటూన్, వెబ్‌లేట్ లాంటి అనువాద సైట్లలో ఏ స్ట్రింగుకు ఆ స్ట్రింగు విడిగా భద్రమవుతుంది, అక్కడ ఈ బాధ లేదు.

రిజర్వ్ చేసి మాయమయ్యేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పది రోజులు కదలిక లేకపోతే పలకరించు, ఇంకో మూడు రోజులు చూసి రిజర్వేషన్ తీసెయ్. ఈ నియమం చేరిన రోజే చెప్పి ఉంచితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

మొదటి మాడ్యూల్ ఎంచి ఇవ్వడంలోనే సగం పని ఉంది. గడియారాల యాప్ మంచిది: అలారం, టైమర్, స్టాప్‌వాచ్, చిన్న చిన్న మాటలు, చేసింది వెంటనే తెరమీద చూసుకోవచ్చు. క్యాలిక్యులేటర్ చూడ్డానికి తేలికే గానీ లోపల కరెన్సీల పేర్లు, కొలతలు, గణిత పదాలు కాచుకుని ఉంటాయి. వాతావరణ లైబ్రరీలో ప్రపంచంలోని ఊళ్ల పేర్లు వేలకొద్దీ ఉన్నాయి, కొత్తవాళ్లను దాని జోలికి పోనివ్వకు. సెట్టింగ్స్ మాడ్యూల్ పాతకాపులకే.

రివ్యూలో ‘బాగోలేదు, మార్చండి’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తప్పు ఎందుకు తప్పో ఒక్క వాక్యంలో చెప్పు. ఉదాహరణకు, ఫైలు పేరు వచ్చే చోట శాతం గుర్తు, ఎస్ అక్షరం (%s) ఉంటాయి. దాని పక్కనే ‘ని’ అతికిస్తే కొన్ని పేర్లకు సరిపోతుంది, కొన్నిటికి ‘ను’ కావాలి. ఏ పేరొస్తుందో మనకు తెలియదు. అందుకని విభక్తిని ఆ గుర్తుకు తగిలించకుండా మధ్యలో ఒక నామవాచకం పెట్టించు: పేరు, దాని తరవాత ‘ఫైలును తొలగించాలా?’ అని. ఏ పేరొచ్చినా వాక్యం చెడదు.

ఇంకోటి వరస. ఇంగ్లీషులో ‘3 of 10’ అన్నప్పుడు మూడు ముందు, మొత్తం పది తరవాత వస్తాయి. మనం ‘10లో 3’ అంటాం. వరస తిరగేసినప్పుడు గుర్తులకు ఒకటి డాలర్, రెండు డాలర్ (%1$s, %2$s లాగా) అని నంబర్లు వేయాలి. వేయకపోతే, ఒకటి అంకె, మరొకటి మాట అయిన చోట ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. గెట్‌టెక్స్ట్ అనే అనువాద పనిముట్లతో వచ్చే ఎంఎస్‌జీఎఫ్ఎంటీ (msgfmt) ప్రోగ్రామ్‌ను చెక్ ఆప్షన్‌తో నడిపితే ఆ రకం తప్పు దొరుకుతుంది. రెండూ అంకెలే అయితే మాత్రం దానికి దొరకదు, తెరమీద ‘3లో 10’ అని వచ్చి కూర్చుంటుంది. అది మనిషి కంటికే దొరకాలి. కీబోర్డ్ షార్ట్‌కట్ అక్షరం కోసం పెట్టిన అడుగుగీతలు (_) ఎగిరిపోవడం మామూలే, అదీ చూడు.

రెండో పనిగా ఫజ్జీ స్ట్రింగులివ్వు. ఇంగ్లీషు వాక్యం మారినప్పుడు పాత అనువాదానికి ఆ గుర్తు పడుతుంది, అది తీసేదాకా వాడేవాళ్లకు ఇంగ్లీషే కనిపిస్తుంది. చాలామంది వాక్యం సరిచూడకుండా గుర్తు మాత్రం తీసేసి, అనువాదం పూర్తయిన శాతం పెంచుతారు. అలా చేసేవాళ్లను ఇక్కడే గుర్తుపట్టొచ్చు.

మనుషుల కోసం ఎక్కడ వెతకాలంటావా? తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది. అక్కడ రాసేవాళ్లకు యూనికోడ్ టైపింగ్ వచ్చు, ముక్కూ మొహం తెలియనివాళ్లు తమ వాక్యాన్ని దిద్దడం అలవాటు. నన్ను అడిగితే మొదటి ఇద్దరు రివ్యూయర్లు అక్కడే దొరుకుతారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లకు కాలేజీల్లో విద్యార్థి బృందాలున్నాయి, వాళ్లతో మాట్లాడు. డీటీపీ చేసేవాళ్లకు, రిటైరైన తెలుగు మాస్టార్లకు భాష మీద గొప్ప పట్టుంటుంది. కానీ అను ఫాంట్లలో టైపు చేసి పంపితే అది యూనికోడ్ కాదు, మనకు పనికిరాదు. ముందు కీబోర్డ్ పెట్టి ఇచ్చి, ‘సాఫ్ట్వేర్’ అని అతుక్కుపోకుండా ‘సాఫ్ట్‌వేర్’ అని ఎలా కొట్టాలో ఒకసారి చూపించు, చాలు.

సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లను తిట్టకు. కానీ రెండు మాడ్యూళ్లు రివ్యూ దాటాకే ఇస్తామని మొదటే చెప్పు. 2020లో హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే అక్టోబరు కార్యక్రమం) టీషర్టుల కోసం పనికిరాని మార్పులు వరదలా వచ్చిపడితే, నిర్వాహకులు నెల మొదట్లోనే నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేయాల్సొచ్చింది. సర్టిఫికెట్ కంటే మంచిది మన చేతిలోనే ఉంది: పీవో ఫైలులో ట్రాన్స్‌లేటర్ క్రెడిట్స్ అనే స్ట్రింగు. అక్కడ రాసిన పేరు యాప్ ‘గురించి’ కిటికీలో కనిపిస్తుంది. మొదటి కమిట్‌లోనే కొత్తవాళ్ల పేరు అక్కడ పడేలా చూడు. ఇంట్లో అమ్మకు చూపించుకుంటారు.

పదాల తగాదా తప్పదు. అపాచీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల పద్ధతి పెట్టు: ప్రతిపాదన రాసి కనీసం 72 గంటలు ఆగడం, కారణంతో అభ్యంతరం రాకపోతే ఖాయం చేయడం. ఖాయమైన పదాన్ని తరవాతి విడుదల దాకా కదపకు. గ్నోమ్ మార్చి, సెప్టెంబరుల్లో విడుదలవుతుంది, కొన్ని వారాల ముందు స్ట్రింగ్ ఫ్రీజ్ (ఇంగ్లీషు స్ట్రింగులను ఇక మార్చకుండా ఆపడం) ఉంటుంది. ఆ వారాల్లో రివ్యూయర్లకు ఊపిరాడదు, కొత్తవాళ్లను చేర్చే పని పెట్టుకోకు.

కమిట్ హక్కు నీ ఒక్కడి దగ్గరే ఉంచుకోకు. ఫ్రీజ్ సమయంలో నీకు జ్వరమొస్తే జట్టు పనంతా ఆగిపోతుంది. అలాగని తొందరపెట్టేవాళ్లకు ఇచ్చేయకు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వ్యవహారంలో, ఒంటరిగా లాగుతున్న నిర్వాహకుడి మీద ‘సహాయకుణ్ణి పెట్టుకో’ అని కొన్ని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. అలా లోపలికొచ్చిన సహాయకుడే, రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, ఆ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టాడు. నువ్వు హక్కు ఇచ్చే మనిషి రెండు విడుదలల పాటు ఇతరుల పని రివ్యూ చేసి ఉండాలి; ఎంత అనువదించాడన్నది తరవాతి మాట. అనువాదాల్లో కోడ్ ఉండదు గానీ లింకులుంటాయి, ఈమెయిల్ చిరునామాలుంటాయి. కమిట్ చేసేముందు ప్రతి లింకునూ ఇంగ్లీషు స్ట్రింగులోని లింకుతో పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడు.

ఇట్లు,
అన్నయ్య