గీజరు కారితే అడ్వాన్సులో కోసుకోవచ్చా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మిద్దె మీద పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. బాత్రూంలో ఉన్న 25 లీటర్ల గీజరు మేం రాకముందు ఓనరుగారు పెట్టించింది, కొని మూడేళ్లయింది. నెల కిందట కింది నుంచి చుక్కలు పడటం మొదలైంది. ఫోన్ చేస్తే ‘చూద్దాంలే’ అన్నారు. కింద బకెట్ పెట్టుకుని వాడుకుంటూ వచ్చాం. మధ్యలో ఒక ప్లంబరు వచ్చి వాల్వు గొట్టం మూసుకుపోయేలా డమ్మీ (మూత) బిగించి పోయాడు. రెండు రోజులు ఆగి మళ్లీ మొదలైంది, ఈసారి ఎక్కువగా. ఇప్పుడు కింద ఓనరుగారి గదిలో సీలింగు చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతున్నాయి. కొత్త గీజరుకీ సీలింగుకీ కలిపి 22 వేలు అడ్వాన్సులో పట్టుకుంటామంటున్నారు. మేం కట్టాలా?

జవాబు: కట్టాలా వద్దా అన్నది తర్వాత. ముందు లేచి ఆ గీజరుకు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దించేయండి. మీరు రాసినదాంట్లో నాకు భయం వేసింది ఆ డమ్మీ గురించే. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి, ఆ ఒత్తిడి బయటికి పోవడానికే ఆ వాల్వు ఉంది. వేడెక్కేటప్పుడు దాని గొట్టం నుంచి నాలుగు చుక్కలు పడటం లోపం కాదు, వాల్వు పని చేస్తోందని గుర్తు. దాన్ని మూసేస్తే ఒత్తిడంతా ట్యాంకు మీదే పడుతుంది. నీళ్లు తగినంత కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాటు కూడా మొరాయించిన రోజున ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది. కాబట్టి కరెంటు తీసేసి, చల్లారాక వేడినీళ్ల కుళాయి తిప్పి ఒత్తిడి వదిలి, ఆ డమ్మీని తెలిసినవాడి చేత తీయించండి. తీసేముందు దగ్గర్నుంచి ఫొటో తీసి పెట్టుకోండి, అది మనకు కావాలి.

ఇక ఎవరు భరించాలన్నది. ఈ గొడవలో నీళ్లు ఎక్కడి నుంచి కారుతున్నాయో తేలకుండా చట్టం గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. కరెంటు తీసే ఉంచి, గీజరు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, పైపు జాయింట్ల దగ్గరా, వాల్వు దగ్గరా, నీళ్లు కాచే ఎలిమెంటు బిగించిన చోట ప్లాస్టిక్ మూత అంచుకీ టిష్యూ కాగితం చుట్టి, నీళ్ల వాల్వు తెరిచి అరగంట చూడండి. మూత మాత్రం మీరు విప్పొద్దు. జాయింటు దగ్గర తడిస్తే వాషరో టేపో, చిన్న పని. మూత అంచున తడిస్తే ఎలిమెంటు దగ్గర గాస్కెట్ (నీళ్లు కారకుండా వేసే రబ్బరు రింగు) పోయి ఉండొచ్చు, అదీ పెద్ద ఖర్చు కాదు. ఇవేవీ తడవకుండా గీజరు ఒంటి నుంచే తుప్పు రంగు నీళ్లు దిగుతుంటే ట్యాంకే పోయినట్టు, దానికి రిపేరు ఉండదు. మన ఊళ్లో చాలా ఇళ్లలో మున్సిపల్ నీళ్లతో పాటు బోరు నీళ్లూ అదే ట్యాంకులోకి ఎక్కిస్తారు. గీజరు లోపల తుప్పు ట్యాంకుకు పట్టకుండా తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ఉప్పెక్కువున్న నీళ్లలో అది త్వరగా హరించుకుపోతుంది, ఆ తర్వాత తుప్పు ట్యాంకుకే పడుతుంది. అది మీరు చేసిన తప్పు కాదు.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్నప్పుడున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అతను బాధ్యుడు కాడు. ట్యాంకు తుప్పు పట్టడం అరుగుదలే. అయితే ఈ సెక్షన్ అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోనప్పుడే వర్తిస్తుంది, కాబట్టి మీ అగ్రిమెంట్ తీసి చదవండి. ‘చిన్న చిన్న మరమ్మతులు అద్దెదారే చేయించుకోవాలి’ అన్న వాక్యం చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. వాషరు, గాస్కెట్ దాని కింద మీ నెత్తిన పడతాయి, పడనివ్వండి, వాటి కోసం కోర్టు దాకా పోయే పని లేదు. ట్యాంకు మార్చడం చిన్న మరమ్మతు కిందికి రాదని నేను గట్టిగా వాదిస్తాను.

మీ కేసులో బలహీనత కూడా చెప్పాలి కదా. ఆ ప్లంబరును పిలిపించింది ఎవరు? మీరు రాయలేదు. ఓనరుగారు పంపి ఉంటే డమ్మీ వల్ల జరిగింది ఆయన ఖాతాలోకే పోతుంది. మీరు పిలిపించి ఉంటే, ఆ తర్వాత కారడం ఎక్కువైంది కాబట్టి ‘మీ చేతల వల్లే చెడింది’ అని ఆయన అనగలరు, అందులో కొంత న్యాయం ఉంది. అప్పుడు కూడా కొత్త గీజరు ధర మొత్తం అడిగే హక్కు ఆయనకు రాదు. పోయింది మూడేళ్లు వాడిన గీజరు, దాని విలువే నష్టం.

సీలింగు విషయంలో ఓనరుగారి లెక్క నాకు నమ్మబుద్ధి కావడం లేదు. గీజరు నుంచి కారిన నీళ్లు పడేది బాత్రూం నేల మీద, అదీ మీరు బకెట్ పెట్టాక మిగిలినవి. రోజూ ఇంటిల్లిపాదీ స్నానాలు చేసే నేల అది. ఆ నాలుగు చుక్కలకే స్లాబు తడిసి కింద పెచ్చులు ఊడుతున్నాయంటే వాటర్‌ప్రూఫింగు సరిగా లేదన్నా అనుకోవాలి, గోడలో పోయే పైపు ఎక్కడో కారుతోందన్నా అనుకోవాలి. రెండూ ఇంటి లోపాలే. గీజరుకు నీళ్లు వచ్చే వాల్వు కట్టేసి వారం రోజులు చూడండి, రోజుకో ఫొటో తీయండి. అప్పటికీ చెమ్మ కొత్త చోటికి పాకుతుంటే గీజరు నిర్దోషి. పైన వాల్వు కట్టేశాకే చెమ్మ ఆరిపోతే మాత్రం, కారుతోందని తెలిసీ నెల రోజులు వాడుకున్న భారం కొంత మీదే అవుతుంది. నష్టం పెరగకుండా చేతిలో ఉన్న జాగ్రత్త తీసుకోవాలని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెప్పేది అందరికీ వర్తిస్తుంది.

ఇంకొక దారి ఉంది, ఇద్దరూ గొడవలో పడి దాన్ని మర్చిపోయారనిపిస్తోంది. గీజరు మొత్తానికి రెండేళ్లు వారంటీ ఇచ్చినా లోపలి ట్యాంకుకు ఐదేళ్లో ఏడేళ్లో ఇవ్వడం మామూలే. ఓనరుగారి దగ్గర బిల్లు, వారంటీ కార్డు అడిగి కంపెనీకి కంప్లైంట్ పెట్టించండి. సర్వీసు మనిషి వచ్చినప్పుడు లోపం ఎక్కడో జాబ్ షీట్‌లో రాయించి కాపీ తీసుకోండి, మీ ఇద్దరి మధ్య తగవుకు కూడా ఆ కాగితమే సాక్ష్యం. ‘బోరు నీళ్లు వాడారు, వారంటీ చెల్లదు’ అని నోటిమాటగా తప్పించుకుంటే ఒప్పుకోవద్దు. ఆ షరతు కార్డులో ఉందా, నీటిని పరీక్ష చేశారా అని రాతపూర్వకంగా అడగండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొన్నవాళ్లే కాదు, కొన్నవాళ్ల అనుమతితో వాడుకుంటున్నవాళ్లూ వినియోగదారులే, కాబట్టి ఓనరుగారు కదలకపోయినా మీరే ఫిర్యాదు చేయొచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తేలకపోతే తిరుపతి వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. డమ్మీ బిగించిన సంగతి మాత్రం కంపెనీవాళ్లు తప్పకుండా పట్టుకుంటారు, అందుకే ప్లంబరును పిలిపించింది ఎవరని పైన అంత నొక్కి అడిగాను.

కోపంలో అద్దె ఆపడం, అద్దెలోంచి మీరే తగ్గించి ఇవ్వడం చేయొద్దు. రిపేరు ఓనరే చేయించాలని అగ్రిమెంట్‌లో స్పష్టంగా ఉండి, చెప్పినా చేయించనప్పుడే ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవడానికి 108వ సెక్షన్ ఒప్పుకుంటుంది. లేకపోతే అద్దె బాకీ పడ్డారని ఖాళీ చేయించడానికి మీరే దారి ఇచ్చినట్టవుతుంది.

ఇన్నాళ్లూ ఫోన్‌లో చెప్పినవి రుజువు కావు. ఇవాళే వాట్సాప్‌లో పంపండి: ‘అన్నా, పోయిన నెల ఫలానా తేదీన గీజరు కారుతోందని మీకు ఫోన్‌లో చెప్పినాను. ఈ రోజు నుంచి కరెంటు, నీళ్లు రెండూ ఆపేసినాము. కంపెనీ మనిషిని పిలిపించండి, బిల్లు ఫొటో పంపండి. లోపం ఎక్కడో తేలేవరకు అడ్వాన్సులో పట్టుకోవడానికి మేం ఒప్పుకోము.’ మర్యాదగానే రాయండి, రేపు జడ్జిగారు చదివేది ఇదే. ఖాళీ చేసేటప్పుడు ఆయన నిజంగానే కోసేస్తే లాయరు నోటీసు ఇచ్చి, తిరుపతి కోర్టుల దగ్గర మండల న్యాయ సేవాధికార కమిటీలో అర్జీ పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు, ఖర్చు లేదు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. కుదరకపోతే సివిల్ దావా వేసుకోవడానికి మీకు మూడేళ్ల గడువుంది.