పేపర్లో ఫొటో రాకపోతే అమ్మాయి వెనకబడినట్టా?

ఖమ్మం నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్లమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ (ఇచ్చిన సమస్యకి విద్యార్థుల టీములు పరిష్కారం తయారుచేసే దేశస్థాయి పోటీ) కోసం కాలేజీలో పెట్టిన పోటీలో వాళ్ల టీమ్ చేసిన యాప్ గెలిచింది. డేటాబేస్, సర్వర్ పనంతా ఈ అమ్మాయిదే, కానీ స్టేజీ మీద మాట్లాడింది టీమ్ లీడర్, పేపర్లో జిల్లా పేజీలో వచ్చిందీ అతని ఫొటోనే. ఇంటికి రాగానే "నీ ఫొటో ఏది?" అని అడిగితే పిల్ల ఏడ్చిందట. టీమ్ మానేసి సొంత ప్రాజెక్టులు చేసుకుని లింక్డిన్‌లో పెట్టుకోమంటున్నాను, ప్లేస్‌మెంట్‌కి ఏది మంచిదో పోల్చి చెప్పండి అంటున్నారు.

అమ్మా, ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ వస్తుంది, ఊరు పేరు మారుతుందంతే. కష్టం మా పిల్లది, పేరు ఇంకొకరిది, రేపు ఉద్యోగంలోనూ ఇలాగే వెనకాల ఉండిపోతుందేమో అన్నది మీ అసలు బెంగ. ఆ బెంగలో న్యాయం ఉంది. హ్యాకథాన్ టీముల్లో ఆరుగురు ఉండాలి, కనీసం ఒక అమ్మాయి తప్పనిసరి, ఆ రూల్ కోసం పేరు రాయించుకుని పీపీటీ పని మాత్రం అప్పజెప్పే టీములు నేను చూశాను. మీ అమ్మాయి పరిస్థితి అదే అయితే ఈరోజే బయటికి వచ్చేయమనేవాడిని. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆమె లేకపోతే ఆ యాప్ నడవదు.

ఇక లింక్డిన్ సంగతి. రోజుకో పోస్టు, వారానికో సర్టిఫికెట్, పర్సనల్ బ్రాండ్ పెంచుకో అని ఇప్పుడు అందరూ చెబుతున్నారు, నాకైతే నమ్మకం తక్కువ. పిల్లలు ఒంటరిగా చేసి తెచ్చేవి ఎక్కువగా వాతావరణం యాప్, టు-డూ లిస్ట్, యూట్యూబ్ చూసి కట్టిన షాపింగ్ సైట్. పది రెజ్యూమేలు తీస్తే అన్నిట్లో అవే. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోతారు, ఎందుకంటే ఆ పనిలో వాళ్లతో ఎవరూ వాదించలేదు, ఒకరి కోడ్ ఇంకొకరి కోడ్‌ని పాడుచేయలేదు, రాత్రి రెండింటికి ఎవరినీ నిద్ర లేపాల్సిన పని పడలేదు. కంపెనీలో రోజూ ఉండే తలనొప్పులు అవే కదా. సెలవుల్లో సొంతంగా ఒక చిన్న ప్రాజెక్టు చేసుకోనివ్వండి, దానికోసం టీమ్ మాత్రం మానిపించకండి.

2022లో మన మగాళ్ల బ్యాడ్మింటన్ జట్టు గెలిచిన థామస్ కప్ గుర్తుందా? క్వార్టర్స్‌లో మలేసియా మీద, సెమీస్‌లో డెన్మార్క్ మీద స్కోరు 2-2 అయితే, రెండుసార్లూ చివరి మ్యాచ్ గెలిచి మనల్ని ముందుకు తీసుకెళ్లింది ప్రణయ్, సెమీస్‌లో అయితే కాలు బెణికినా ఆడాడు. ఫైనల్లో లక్ష్య సేన్, మన అమలాపురం సాత్విక్-చిరాగ్ జోడీ, మన గుంటూరు శ్రీకాంత్ వరసగా గెలిచి 3-0తో ముగించేశారు, ప్రణయ్ కోర్టులో దిగనే లేదు. అయినా ఆ కప్పు అతనిది కాదని ఎవరంటారు?

ఒక్క మాట కోపం తెచ్చుకోకుండా వినండి. "నీ ఫొటో ఏది?" అన్న ప్రశ్నతో పిల్ల గెలిచిన రోజుని మీరే ఓడిన రోజు చేశారు. పక్క పిల్లకంటే రెండు మార్కులు ఎక్కువ రావాలని ఇంటర్ దాకా పెంచాం, ఇప్పుడు ఆ పక్కవాళ్లతోనే కలిసి పనిచేయమంటే వాళ్లకి ఎంత కష్టమో ఆలోచించండి. దానికి తోడు ఇంట్లో కూడా ఈ లెక్కలేనా?

పేరు పోకుండా చూసుకోవడం వేరే పని, అది తేలిక. కోడ్‌లో మార్పులన్నీ నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఎవరు ఏ లైను ఏ రోజు రాశారో అందులో పేరుతో సహా ఉంటుంది. చాలామంది వాట్సాప్‌లో కోడ్ పంపి లీడర్ చేత అప్‌లోడ్ చేయిస్తారు, అలా చేయొద్దనండి, తన అకౌంట్ నుంచి తనే కమిట్ చేయాలి, అంటే తన కోడ్‌ని తన పేరుతోనే గిట్‌లో ఎక్కించాలి. ఇంటర్వ్యూలో "మేం గెలిచాం" అన్నాక "అందులో నా పని ఇదీ" అని రెండు నిమిషాలు ఆగకుండా చెప్పగలగాలి. తర్వాతి రౌండ్‌లో సర్వర్ భాగం తనే వివరిస్తానని లీడర్‌తో ఇప్పుడే మాట్లాడమనండి. స్టేజీ భయం ఉంటే ముందు మీకు చెప్పమనండి, వంటింట్లో కూర్చోబెట్టుకుని వినండి, మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిన పిల్లకి జడ్జీల ముందు నోరు పెగలకపోవడం ఉండదు.