మెషిన్స్ ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) రెండో ఏడాదిలోకి వచ్చావు. ఇక్కడ వెనకబడేవాళ్లలో చాలామందికి కాంప్లెక్స్ సంఖ్యలు చేతికి అలవాటు కాకపోవడమే అసలు ఇబ్బంది. ముందు ఆ పని చూసుకో. 230 వోల్టుల ఏసీకి 3+జె4 ఓమ్‌ల (రెసిస్టెన్స్ 3, రియాక్టెన్స్ 4) లోడు కలిపితే కరెంటు 46 ఆంపియర్లు, వోల్టేజీ కంటే 53.13 డిగ్రీలు వెనక. పవర్‌ని రెండు దారుల్లో కట్టి చూడు: 230 × 46 × 0.6 (పవర్ ఫ్యాక్టర్, అంటే ఆ కోణం కొసైన్) ఒకటి, 46 × 46 × 3 ఇంకోటి. రెండూ 6348 వాట్లు రావాలి. రాకపోతే ముందు కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందేమో చూసుకో, సగం తప్పులు అక్కడివే. త్రీఫేజ్‌లో రూట్ 3 ఎక్కడ పెట్టాలో బట్టీ పట్టకు, ఫేజర్ బొమ్మ (వోల్టేజీ, కరెంటుల్ని కోణాలతో బాణాలుగా చూపేది) గీయి.

ఇక ల్యాబ్. లెక్క కట్టకుండా బెంచ్ దగ్గరికి వెళ్లకు. 2 కేవీఏ, 230/115 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చారనుకో. ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ 115 వైపు చేస్తాం, 230 వైపు వదిలేస్తాం. పూర్తి వోల్టేజీ ఇచ్చినా ఒక ఆంపియర్ అటూఇటుగానే లాగుతుంది కాబట్టి 0–2 అమ్మీటర్ చాలు. వాట్‌మీటర్ మాత్రం ఎల్‌పీఎఫ్‌దే, అంటే తక్కువ పవర్ ఫ్యాక్టర్‌కి చేసినదే కావాలి. పవర్ ఫ్యాక్టర్ అంత తక్కువలో యూపీఎఫ్ (పవర్ ఫ్యాక్టర్ ఒకటికి చేసిన) మీటర్ ముల్లు సరిగ్గా కదలనే కదలదు. 150 వోల్టులు, 2 ఆంపియర్లు, 0.2 అని రాసి, స్కేలు మీద 120 గీతలుంటే ఒక్కో గీత అర వాటు. ఈ గుణకం వేయడం మర్చిపోయి నష్టాన్ని రెట్టింపు చేసి చూపించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు!

షార్ట్ సర్క్యూట్ టెస్ట్‌కి అంతా తిరగేయాలి. 115 వైపు షార్ట్ చేసి, 230 వైపు వోల్టేజీ మెల్లగా పెంచుతూ 8.7 ఆంపియర్ల (ఆ వైపు పూర్తి లోడు కరెంటు) దగ్గర ఆపు. పది పన్నెండు వోల్టులకే ఆ కరెంటు వచ్చేస్తుంది. అందుకే స్విచ్ వేసేముందు వేరియాక్ (వోల్టేజీ పెంచే తగ్గించే పరికరం) సున్నా మీద ఉందో లేదో కళ్లతో చూడు. పూర్తి వోల్టేజీ మీద ఉంటే కరెంటు ఇరవై రెట్ల దాకా ఎగబాకుతుంది. ఫ్యూజు పోతే నయం, మీటరూ పోవచ్చు.

డీసీ షంట్ మోటార్‌కి ఫీల్డ్ రియోస్టాట్ (మార్చుకోగల రెసిస్టెన్స్) కనిష్ఠంలో, ఆర్మేచర్‌ది గరిష్ఠంలో ఉంచి స్టార్ట్ చెయ్యి. ఫీల్డ్ వైరు లూజై ఊడితే ఫ్లక్స్ పడిపోయి వేగం అదుపు తప్పుతుంది, కాబట్టి ఆ రెండు టెర్మినళ్లను ఒకసారి లాగి చూడు. సిరీస్ మోటార్‌ని లోడు లేకుండా అసలు తిప్పకు. షాఫ్ట్ దగ్గర చున్నీ, వదులు జడ వద్దు.

రీడింగులు సీనియర్ల రికార్డులోంచి దించుకోకు. నీ గ్రాఫు వంకరగా వస్తే వైవాలో ఆ వంకర మీదే మాట్లాడొచ్చు.

గేట్ సంగతి మూడో ఏడాదిలో చూద్దాం. ఈ సెమిస్టర్ ల్యాబ్ ప్రయోగాల జాబితా పంపు, ఒక్కోదానికి ఏ మీటర్ రేంజి కావాలో నువ్వే రాసి పంపితే దిద్దుతాను.

మీ పెదనాన్న