పొలాల మధ్య థేమ్స్ మీద ఆ చెక్క వంతెనలు ఎవరి కోసం?

ఇంగ్లండ్‌లో లెచ్‌లేడ్ అనే ఊరి నుంచి థేమ్స్ నది ఒడ్డున నడుస్తుంటే ఊరూ రోడ్డూ లేని చోట నది మీద నడక వంతెనలు కనిపించాయి, అవి ఎవరి కోసం కట్టారు, పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా అని ఒకరు అడిగారు. నేను స్విండన్‌లో ఉంటాను, ఆ దారిలో చాలాసార్లు నడిచాను. మొదట్లో నాకూ ఇదే సందేహం.

ఆ వంతెనల్లో కొన్ని ఉన్న చోట ఒకప్పుడు నదికి అడ్డంగా కట్టలుండేవి. అడుగున ఒక దూలం, దానికి నిలువుగా గుంజలు, గుంజలకి ఆనించి పొడవాటి పిడి ఉన్న బల్లలు. నీటి ఒత్తిడే ఆ బల్లల్ని పట్టి ఉంచేది. పడవ రాగానే బల్లలు పైకి లాగేసేవారు. ఆగిన నీళ్లన్నీ ఒక్కసారి ఉరికితే, ఆ ఉరవడిలో పడవ దిగువకి జారిపోయేది. ఎగువకి వెళ్లేదాన్ని మాత్రం ఎదురు ప్రవాహంలో తాళ్లతో లాగాలి. ప్రాణాలతో చెలగాటమే. తర్వాత రెండు చివర్లా తలుపులుండి, మధ్యలో నీటిమట్టం పెంచి తగ్గించి పడవని దాటించే లాకులు వచ్చాయి, పాత కట్టలు ఒక్కొక్కటే తీసేశారు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. కట్ట మీద బల్లలు లాగేవాడు నిలబడడానికి ఒక నడక దారి ఉండేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాని మీదుగానే అవతలి ఒడ్డుకి వెళ్లేవాళ్లు. ఏళ్ల తరబడి నడిచిన దారి కాబట్టి అది వాళ్ల హక్కయింది. కట్ట తీసేసినా దారి మూయడానికి లేదు. అందుకే కట్ట పోయిన చోట వంతెన లేచింది. టెన్‌ఫుట్ బ్రిడ్జి 1869లో అలా వచ్చిందే. కెల్మ్‌స్కాట్ ఊరికి కొంచెం ఎగువన ఉన్న హార్ట్స్ వియర్ (వియర్ అంటే ఇలాంటి కట్టే) వంతెన 1936 నాటిది. థేమ్స్ మీద ఆఖరిదాకా మిగిలిన పాతరకం కట్ట అక్కడిదే. పడవలు ఆగకుండా వెళ్లాలి కాబట్టి ఆ వంతెన మధ్యలో ఎత్తుగా, గూనివీపులా ఉంటుంది.

బ్లూమర్స్ హోల్ వంతెన మాత్రం వేరు. అది 2000లో థేమ్స్ పాత్, అంటే నది వెంబడి సాగే నడక దారిలో వెళ్లేవాళ్ల కోసమే కట్టింది. లోపల ఉక్కు, పైన చెక్క. ఆ ఉక్కు దూలాల్ని ఛినూక్ హెలికాప్టర్‌తో తెచ్చి దింపారు. అంతకుముందు అక్కడ నడిచేవాళ్లు నదిని వదిలి రోడ్డెక్కాల్సి వచ్చేది.

మాది గోదావరి డెల్టా. నిరుడు జూన్‌లో అమ్మని తీసుకెళ్లాను. హార్ట్స్ వియర్ దగ్గర నేను ఇదంతా వివరంగా చెప్పబోతే, సగంలోనే ఆపి, "మనం లాకు తలుపుల మీంచి అవతలి గట్టుకి పోయేవాళ్లం కదరా, అలాంటిదే" అంది. నేను అన్ని సార్లు నడిచి, బోర్డులు చదివి తెలుసుకున్నది ఆవిడకి చూడగానే అర్థమైపోయింది. వంతెన నడిమధ్యలో నిలబడి రెయిలింగ్ మీద చెయ్యి వేసింది. ఎండకి వెలిసి బూడిదరంగైన చెక్క, చీలికల్లో పచ్చటి నాచు. కింద నుంచి ఒక సన్నటి పొడుగు పడవ మనిషి నడక వేగంతో వచ్చింది. చుక్కాని పట్టుకున్నాయన తల ఎత్తి చెయ్యి ఊపాడు. అమ్మ కూడా ఊపింది. పడవ మలుపు తిరిగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. నాకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే గుర్తుండిపోయింది ఆ నాలుగు నిమిషాలే.

కాబట్టి పెద్దవాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి, కాకపోతే మే నుంచి సెప్టెంబర్ లోపు. నేను ఒకసారి ఫిబ్రవరిలో వెళ్తే పొలమంతా నీళ్లే, వంతెన కనిపిస్తోంది గానీ దాని దాకా దారి లేదు. ఆ బురదలో వెనక్కి రావడానికి చాలా టెన్షన్ పడ్డాను. వానలు పడితే ముందు లాకుల దగ్గర నది ఉరవడి ఎక్కువగా ఉందని హెచ్చరించే ఎర్ర బోర్డులు పెట్టారేమో ఆన్‌లైన్‌లో చూసుకోండి. తడి చెక్క బాగా జారుతుంది, చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి. లెచ్‌లేడ్ నుంచి రాడ్‌కాట్ దాకా సుమారు 10 కి.మీ. మోకాళ్ల నొప్పులుంటే అంత దూరం పెట్టుకోకండి. సెయింట్ జాన్స్ లాకు, దాని పక్కన పడుకున్న భంగిమలో ఉన్న థేమ్స్ తాత (నదికి మనిషి రూపం, ఫాదర్ థేమ్స్) విగ్రహం, ఆ తర్వాత బ్లూమర్స్ హోల్ చూసి వెనక్కి తిరగండి. దారిలో పచ్చికలో ఆవులుంటాయి, గేటు దాటిన ప్రతిసారీ గొళ్లెం పెట్టడం మర్చిపోవద్దు.