చీటీ పాడేముందు ఎస్టిమేట్ కాగితం చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో గుమాస్తాని. మా ఆవిడకు 44 ఏళ్లు. ఆరు నెలలుగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువైంది. స్కాన్‌లో గర్భసంచిలో పాలిప్ (లోపలి పొర మీద పెరిగిన చిన్న కండ) ఉందని, హిస్టెరోస్కోపీ చెయ్యాలని, 48 వేలవుతుందని చెప్పారు. మూడేళ్లుగా 5 లక్షల ఫ్యామిలీ హెల్త్ పాలసీ కడుతున్నాం. 'అది టెస్టు, క్లెయిమ్ రాదు' అంటున్నారు తెలిసినవాళ్లు. 2 లక్షల చీటీ లక్షా 60 వేలకు పాడేయమంటారా?

జవాబు: వద్దండీ. 48 వేల కోసం 40 వేలు వదులుకున్నట్టవుతుంది.

మీవాళ్లు చెప్పింది సగమే నిజం. హిస్టెరోస్కోపీ అంటే, పొట్ట కొయ్యకుండా, సన్నటి కెమెరా గొట్టాన్ని కింది నుంచే గర్భసంచిలోకి పంపి, సెలైన్‌తో లోపల చోటు చేసుకుని చూస్తారు. చూసి వదిలేస్తే 'పరీక్ష కోసమే చేరారు' అని కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టవచ్చు. అదే దారిలో పాలిప్ తీసేస్తే అది చికిత్స. రాత్రి ఆసుపత్రిలో పడుకోకపోయినా డే కేర్ కింద అడగొచ్చు.

అందుకే ఆసుపత్రివాళ్లిచ్చిన ఆ 48 వేల ఎస్టిమేట్ కాగితం మళ్లీ తీయండి. ఒట్టి 'హిస్టెరోస్కోపీ' అనే ఉంటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. రక్తస్రావం ఎన్నాళ్లుగా ఉందో, స్కాన్‌లో ఏం కనిపించిందో, పాలిప్ తీయబోతున్నారన్న సంగతీ రాసిమ్మనండి. లేనిది రాయించమని కాదు, చేయబోయేది పూర్తిగా రాయమని. ఆ కాగితంతో ఆసుపత్రిలోని ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి ముందస్తు అనుమతికి పెట్టించండి.

గర్భసంచి జబ్బులకు చాలా పాలసీల్లో 2 ఏళ్ల వెయిటింగ్ పీరియడ్ (అంతదాకా క్లెయిమ్ ఇవ్వని గడువు) ఉంటుంది. మధ్యలో ప్రీమియం తప్పకపోతే మీరది దాటేశారు. అయినా పాలసీ పుస్తకంలో ఆ పేజీ ఒకసారి చదవండి. తీసిన ముక్కను బయాప్సీకి పంపుతారు. ఆ బిల్లు తర్వాత వస్తుంది, పారేయకండి. డిశ్చార్జి తర్వాతి ఖర్చుల కింద అదీ అడగొచ్చు.

రైస్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవలో ఇది వస్తుందేమో ఆరోగ్యమిత్రను అడగండి.

అనుమతి ఆలస్యమైతే గాజులు బ్యాంకులో పెట్టి 50 వేలు తెచ్చుకోండి. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 500. బిల్లులు పెట్టి డబ్బు రాగానే విడిపించుకోవచ్చు. చీటీలో పోయిన 40 వేలు మాత్రం తిరిగి రావు.

డబ్బు లెక్క తేలేదాకా అని ఆమెను ఆపకండి, ఆరు నెలలు ఇప్పటికే ఎక్కువ. మామూలుగా నెలసరి ఆగిన కొద్ది రోజుల్లోనే దీన్ని చేస్తారు. ఈసారి ఆ రోజులు దాటిపోతే మరో నెల ఆ రక్తస్రావం ఆమే భరించాలి. కాగితం రేపే రాయించుకోండి.